నడి ఏటి బండ మీద కరియ

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే నాకు కావలసింది. తెలిసినవాళ్ళకు ఈ మాట చెప్పలేకే నలభై ఏళ్ళకు పైగా దీన్ని మోశాను. రోజూ బాధపడ్డానని అబద్ధం చెప్పను. వంట చేసుకున్నాను, పిల్లల్ని పెంచాను, నవ్వాను కూడా. కానీ ఎవరైనా నన్ను మంచిమనిషి అన్నప్పుడల్లా లోపల ఏదో లేచి కూర్చునేది. ఆ మాట నన్ను చాలామంది అన్నారు. అదే నా కర్మ.

ఒక కుక్క నా వల్ల చచ్చిపోయింది. చంపాను అనాలా? చేయి ఎత్తలేదు. విషం పెట్టలేదు. మరి ఏం చేశాను? అది రాయడానికే కూర్చున్నాను. ఆదోనిలో మిల్లు పక్క ఇళ్ళల్లో ఉన్నన్నాళ్ళూ, చదువు రాని ఆడవాళ్ళకు నాలుగో తరగతి చదివిన నేనే ఉత్తరాలు రాసిపెట్టేదాన్ని. కొడుకు మీద అలకలు, అల్లుడి మీద ఫిర్యాదులు, అన్నీ ఈ చేత్తోనే రాశాను. నాది మాత్రం ఇప్పటిదాకా రాసుకోలేదు.

పంతొమ్మిది వందల యాభైలలో మాట. అప్పట్లో మా కాపురం తుంగభద్ర మీద. ఒడ్డున కాదు, ఏటి మీదే. ఎమ్మిగనూరు నుంచి బండిలో పూట ప్రయాణం చేస్తే మా రేవు వచ్చేది. రేవుకు ఒక పెద్ద పడవ, తోలు కప్పిన గుండ్రటి పుట్టి ఒకటి ఉండేవి. పడవ వెనక భాగంలో వెదురు తడికలతో గూడు కట్టి ఉండేది. ఏటిలో నీళ్ళున్న నెలలన్నీ మేం ముగ్గురం అందులోనే ఉండేవాళ్ళం. మా మామ, నా మొగుడు, నేను. అత్త నా పెళ్ళికి ముందే పోయింది. ఎమ్మిగనూరు సాలెవాళ్ళు చీరల మూటలతో వచ్చేవాళ్ళు, అవతలి గట్టుకు కోతలకు పోయే కూలీలు పిల్లాజెల్లాతో వచ్చేవాళ్ళు. ఎవరు ఏ గట్టు మీద నిలబడి కేక వేసినా పడవ పోవాలి. అందుకని పడవను వదిలి ఉండడం కుదరదు.

ఇక్కడొక చిక్కు. మా మామకు దూరపు కేక వినపడదు. దగ్గర కూర్చుని మాట్లాడితే అర్థమయ్యేది, ఏటి అవతల నుంచి పిలిస్తే మాత్రం ఏమీ లేదు. చిన్నప్పుడు జ్వరమొచ్చి చెవులు పోయాయట. కేక వినపడని పడవవాడు, కాళ్ళు లేని పోస్టుమాన్ ఒకటే కదా. అయినా ఆయన ఏళ్ళకేళ్ళు ఆ రేవు నడిపాడు. ఎట్లాగంటే, ఆయనకు కరియ ఉండేది.

కరియ అంటే నల్లోడు, కన్నడంలో. అవతలి గట్టు నుంచి ఎవరో ఇచ్చిన కుక్కపిల్ల. ఎవరైనా కేక వేస్తే అది లేచి, కేక వచ్చిన గట్టు వైపు మూతి పెట్టి అరిచేది. మామ దాని మూతి చూసి, పడవ నెట్టే గడ అందుకునేవాడు. మనుషులు దాన్ని "ముసలాయన చెవులు" అనేవాళ్ళు. మామ దాన్ని 'వాడు' అనేవాడు, 'నా తండ్రి' అనేవాడు. నేను మొదట్నుంచీ 'అది' అనే అన్నాను.

నేను కాపురానికి వచ్చేసరికే కరియ ముసలిది. మూడో ఏడుకు దాని చెవులు కూడా పోయాయి. చెవిటాయనకు చెవిటి కుక్క అని రేవులో జనం నవ్వేవాళ్ళు, మామ కూడా నవ్వేవాడు. అప్పట్నుంచి ఆయన చెవులు నేనయ్యాను. కాసేపటికొకసారి నా వైపు తిరిగి అడిగేవాడు. నేను విని చెప్పేదాన్ని. ఇవతల, అవతల, ఎవరూ లేరు. ఒక్కసారి కూడా ఆయన నా మాట మీద అనుమానపడలేదు. ఆయన కళ్ళతో చూసినదాని కంటే నేను చెప్పినదాన్నే నమ్మేవాడు.

తర్వాత కరియ వెనక కాళ్ళు పడిపోయాయి.

దాని సేవంతా నాదే. గడ వేసేవాళ్ళకు తీరిక ఎక్కడిది? పొద్దున లేస్తూనే గోనెసంచి మడిచి దాని పొట్ట కిందుగా తీసి, రెండు కొసలూ ఎత్తిపట్టుకుని, పడవకూ ఒడ్డుకూ మధ్య వేసిన పలక మీదుగా దించాలి. అది ముందు కాళ్ళతో నడుస్తుంది, వెనక భాగం నేను మోస్తాను. ఒక్కోసారి దించేలోపే అయిపోతుంది. అప్పుడు పడవ కడగాలి, సంచి ఉతకాలి, దాన్నీ కడగాలి. పడుకుని పడుకుని తుంట్ల దగ్గర పుండ్లు పడ్డాయి. పసుపు, వేపనూనె కలిపి పూసేదాన్ని. ఎండ కాసిన రోజుల్లో ఈగలు ముసిరి పురుగు పడితే, కర్పూరం పొడి వేసి పుల్లతో ఒక్కొక్కటే తీసేదాన్ని. జొన్న గంజి పల్చగా కాచి, చల్లార్చి, చేత్తో నోటికి అందించేదాన్ని. తాగాక నా మణికట్టు నాకేది. ప్రేమ అని నేను అనుకోలేదు, గంజి అంటుకుని ఉందనే అనుకున్నాను.

ఆ పని చేసినందుకే నన్ను మెచ్చుకున్నారు. చేశాను, నిజమే. కానీ ఎట్లా చేశాను? పళ్ళు కొరుకుతూ చేశాను. నాకప్పుడు అయిదో నెల. ఆ వాసనకు గంజి నోట పెట్టలేకపోయేదాన్ని. రెండు మంచాలంత గూట్లో కుక్క ఒక మూల, పొయ్యి ఒక మూల. పక్కకు తిరిగి పడుకుంటే దాని ఊపిరి నా వీపుకు తగిలేది. ఎప్పుడు పోతుందిరా దేవుడా అని అనుకోని రోజు లేదు. అనుకున్న మరుక్షణం లెంపలు వేసుకునేదాన్ని. మళ్ళీ మర్నాడు అనుకునేదాన్ని.

శ్రావణం వచ్చింది. అవతలి గట్టు మీద ఊళ్ళో జాతర. ఆ రెండు రోజులూ ఆదోని దాకా ఉన్న పల్లెల జనమంతా మా రేవు దాటాల్సిందే. మా పడవవాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. పడవలో ఏ ప్రాణి పోయినా పడవకు మైల. ఒడ్డుకు లాగి, బోర్లించి, మూడు రోజులు ఎండబెట్టి, పసుపునీళ్ళతో కడిగి, గంగమ్మకు కోడిని కోసి గానీ మళ్ళీ ఏటిలో దించకూడదు. జాతర ముందురోజు కరియ గంజి ముట్టలేదు. ఇది ఈ రెండు రోజుల్లో పడవలోనే పోతే ఎట్లా? మామ పట్టిన రేవు జాతరనాడు ఆగిందని పది ఊళ్ళు చెప్పుకుంటాయే! ఇట్లా నాకు నేను చెప్పుకున్నాను. ఈ సాకు చాలా బాగుంది, ఇప్పుడు రాస్తుంటే కూడా నమ్మబుద్ధి అవుతోంది. నిజం అంత గొప్పది కాదు. రెండు రోజులు ఆ వాసన లేకుండా ఉండాలని నాకు ఆశ పుట్టింది. అంతే.

జాతర మొదటి రోజు తెల్లవారగానే మగవాళ్ళిద్దరూ గట్టెక్కి జనాన్ని వరసలో నిలబెడుతున్నారు. నేను కరియను పుట్టిలో వేసుకున్నాను. మా పుట్టిల్లు సి.బెళగల్ వైపు, మాదీ ఏటి బతుకే, తెడ్డు వేయడం నాకు నడకతో పాటే వచ్చింది. రేవుకు ఎగువన, మలుపు దాటాక, నడి ఏట్లో ఒక పెద్ద బండ ఉంది. ఎండాకాలం బట్టలు ఆరేసుకునే బండ. దాని అవతలి పక్క ఒక పొద, పొద కింద నీడ. అక్కడ సంచి పరిచి దాన్ని పడుకోబెట్టాను. పగిలిన కుండపెంకులో గంజి పోశాను. అది లేవబోయింది. వెనక కాళ్ళు లేవవు కదా. ముందు కాళ్ళు రెండూ నా వైపు జరిపి, నేను తెడ్డు వేసేదాకా చూసింది.

మామతో ఏం చెప్పాను? జనం తొక్కుతారని గట్టు మీద తుమ్మచెట్టు కింద పడుకోబెట్టాను అని చెప్పాను. "మంచి పని చేసినావమ్మా" అన్నాడు. ఆ రెండు రోజులూ గడ వదిలే తీరిక లేక, చెట్టు దాకా పోయి చూడలేదు. సాయంత్రం పుట్టి వేసుకుపోయి మళ్ళీ గంజి పోసి వచ్చాను. ఆ పూట కాస్త తాగింది. చూశావా, ఇక్కడే బాగుంది దీనికి, చల్లగాలి అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆ రాత్రి కాళ్ళు చాపుకుని ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. ఆ నిద్రను కూడా మీకు చెప్పాలనిపించింది.

బండ మునుగుతుందేమో అన్న ఆలోచన రాలేదా అని మీరు అడగవచ్చు. వచ్చింది. అంతకు రెండు రోజుల ముందు నా మొగుడు ఊళ్ళోకి పోయి దండోరా విని వచ్చాడు. ఎగువన కొత్తగా కట్టిన డ్యాం నిండిందట, నీళ్ళు వదులుతారట, ఏటి దగ్గరివాళ్ళు జాగ్రత్త అని. మామ ఆకాశం వైపు చేయి చూపించి నవ్వాడు. "సూడ్రా, యాడన్నా ఇంత మబ్బుండాదా? యేటికి నీళ్ళు మబ్బు ఇస్తాది గాని తలుపులు ఇస్తాయా?" అన్నాడు. మేమూ నవ్వాం. మాకు ఏరు ఎప్పుడూ ఒక రోజు ముందు చెప్పేది. పడమట మబ్బు పట్టేది, నీళ్ళ రంగు మారేది, నురగ వచ్చేది, చీమలు గుడ్లు మోసుకుని గట్టెక్కేవి. ముత్తాతల నాటి నుంచి ఆ గుర్తులు తప్పలేదు. ఎనిమిది రోజులుగా చినుకు లేదు, నీళ్ళు తేటగా ఉన్నాయి. దండోరా వేసినవాడు చెప్పింది నిజమే. ఆకాశం తప్ప ఇంకొకటి చదవడం రాని వాళ్ళం మేము.

రెండో రోజు మధ్యాహ్నం నీళ్ళు వచ్చాయి.

ఎండ పెళపెళలాడుతోంది. నా మొగుడు పడవతో అవతలి గట్టున ఉన్నాడు. ఇవతల నేను, మామ, జాతర దారిలో ఉన్న కొద్దిమంది. రేవు మెట్లలో ఒక రాయి మునిగింది, ఇంకొకటి మునిగింది. నీళ్ళు ఎర్రబడ్డాయి. చెట్టు కొమ్మలు కొట్టుకొస్తున్నాయి. మామ తల పైకెత్తి ఆకాశం చూశాడు, ఏటిని చూశాడు, మళ్ళీ ఆకాశం చూశాడు. ఆయన ముఖంలో అంత బెరుకు నేనెప్పుడూ చూడలేదు. అవతలున్న కొడుకుకు పడవ గుంజి కట్టమని చేతులతో సైగలు చేశాడు. నా మొగుడు కట్టేశాడు. మేమంతా గట్టు పైకి జరిగాం.

అప్పుడు వినపడింది.

కరియ అరిచి ఏడాది దాటింది. దానికి ఇంకా గొంతు ఉందనే నేను మరిచిపోయాను. మూడు అరుపులు, కాస్త ఆగి మళ్ళీ మూడు. మలుపు అవతల నుంచి. పక్కనున్నవాళ్ళకు అది ఏదో ఊరకుక్క. నాకు తెలుసు.

నేను తల తిప్పడం మామ చూశాడు. నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఏందమ్మా? ఎవరన్నా కూస్తాండారా?"

నేను నీళ్ళ వైపు ముఖం తిప్పుకున్నాను.

"బాగ విను తల్లీ. నడి యేట్లో ఎవరన్నా చిక్కినారేమో. పుట్టి ఉండాది కదా, నేను పోతా. యాడ్నుంచి కూస్తాండారు, సెప్పు."

ఆయన నా ముఖంలోకి చూస్తున్నాడు. అరుపులు వస్తూనే ఉన్నాయి.

"ఎవరూ కూయల్యా మామా. నీళ్ళ సప్పుడే."

"ఎవరూ ల్యా?"

"ల్యా మామా."

ఆయన నా చెయ్యి వదిలేశాడు. ఇంకా కాసేపు అరిచింది. తర్వాత ఆగిపోయింది. నీళ్ళే వచ్చాయో, దానికి ఓపికే అయిపోయిందో నాకు తెలియదు.

ఈ ఒక్కచోటే నేను ఇన్నేళ్ళూ తిరుగుతున్నాను. చెప్పి ఉంటే మామ పోయేవాడు. అందులో అనుమానం లేదు. ఆ వరదలో పుట్టి నిలిచేదా? మొదట్లో అయితే నిలిచేదేమో, నీళ్ళు ఇంకా అంత ముదరలేదు. నిలవకపోతే ఆయన పోయేవాడు. ఒక కుక్క కోసం మనిషిని పంపనా, నేను చేసింది మంచిదే కదా అని ఎన్నోసార్లు వాదించుకున్నాను. ఆయన అడిగింది మనుషుల సంగతి కదా, నేను చెప్పింది అబద్ధం ఎట్లా అవుతుంది అని కూడా వాదించుకున్నాను. వకీలు కూడా అంత వాదించడు. కానీ ల్యా అన్న క్షణాన నా మనసులో ఏముందో నాకు తెలుసు. మామ ప్రాణం లేదు. వరద లేదు. కరియను బండ మీద పెట్టింది ఎవరని అడుగుతారే, అదొక్కటే ఉంది. మామ ప్రాణం సంగతి నాకు ఆ సాయంత్రం తట్టింది. తట్టగానే గట్టిగా పట్టుకున్నాను.

వరద నిలకడకు వచ్చాక మామ గంజి ముంత పట్టుకుని తుమ్మచెట్టు దగ్గరికి పోయాడు. నేను చూస్తూ నిలబడ్డాను. చెట్టు కింద ఏమీ లేదు. ఆ గట్టు మీదికి నీళ్ళు రాలేదు, కొట్టుకుపోయింది అనడానికి లేదు. ఆయన నేల మీద కూర్చుని చాలాసేపు ఆ చోటును చేత్తో తడిమాడు. తర్వాత లేచి వచ్చి, కళ్ళు తుడుచుకుని, మా అందరికీ చెప్పాడు. కరియకు తన కాలం వచ్చిందని తెలిసిందట. జాతరపూట పడవకు మైల కాకూడదని, లేని కాళ్ళు ఈడ్చుకుంటూ తనంతట తానే ఏట్లో దిగి గంగమ్మ దగ్గరికి పోయిందట.

నా మొగుడు మాత్రం ఒక్కసారి అన్నాడు, "లేవలేనోడు అంత దూరం ఎట్ల పోయినాడు నాయనా?" అని. "పోవాల్సినోడు పోతాడు లేరా" అన్నాడు మామ. నా మొగుడు తలతిప్పి పుట్టి వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నాతో నలభై ఏళ్ళు కాపురం చేసి పోయాడు. తెలుసా, తెలియదా? అడిగే ధైర్యం నాకు లేకపోయింది. చెప్పే అవసరం ఆయనకు లేకపోయింది.

మూడో రోజు నీళ్ళు తగ్గాక నేనొక్కదాన్నే బండ దగ్గరికి పోయాను. పొదలో గోనెసంచి చిక్కుకుని ఉంది. తీసి, రాయి కట్టి, లోతులో వేసి వచ్చాను.

ఆ కథ ఊళ్ళు పట్టుకుపోయింది. పడవ ఎక్కినవాళ్ళకల్లా మామ చెప్పేవాడు. తుమ్మచెట్టు కింద ఒక రాయి నాటి పసుపు పూశాడు. ఏటికి పోయే ఆడవాళ్ళు దాని మీద ఒక పువ్వు వేసి పోయేవాళ్ళు. వేసి, నా వైపు తిరిగి, దానికి చేసిన చాకిరీ ఊరికే పోదు తల్లీ అనేవాళ్ళు. నేను తల వంచుకుంటే అణకువ అనుకున్నారు. కొడుకు పుట్టాడు. కొంచెం నల్లగా పుట్టాడు. మామ వాడిని ఎత్తుకుని కరియప్పా అని పిలిచాడు. రాసిన పేరు వేరే ఉంది గానీ, ఇప్పటికీ మా వాళ్ళంతా వాడిని ఆ పేరుతోనే పిలుస్తారు. నేనూ పిలుస్తాను. రోజుకు ఎన్నిసార్లు పిలిచి ఉంటాను?

కొన్నేళ్ళకే మామ మంచాన పడ్డాడు. నడుము కింద చచ్చుపడింది. పడవ మీద కుదరక గట్టు మీద గుడిసె వేశాం. మళ్ళీ అదే పని. లేవదీయడం, కడగడం, పుండ్లకు పసుపు, నూనె, చేత్తో గంజి. ఈసారి పళ్ళు కొరకలేదు. ఎంత చేసినా చాలదనిపించేది. ఒకరోజు గంజి తాగి, నా చెయ్యి పట్టుకుని అన్నాడు, "కరియకు చేసినట్లే నాకూ చేస్తాండావు తల్లీ. నా కడుపున పుట్టినా ఇంత చేయరు." ఆయన చెవి నా నోటికి జానెడు దూరంలో ఉంది. దగ్గరి మాట ఆయనకు వినపడుతుందని చెప్పాను కదా. నోటిదాకా వచ్చింది. పోయే మనిషికి ఎందుకు బాధ అనుకున్నాను. అదీ సాకే. ఆయన నా చేతి గంజి ఇక తాగడేమో అని భయపడ్డాను. పదిరోజులకు పోయాడు.

తర్వాత మేము ఆదోని వచ్చేశాం. నా మొగుడు పత్తి మిల్లులో బేళ్ళు కట్టే పనికి కుదిరాడు. ఏరు మళ్ళీ చూడలేదు.

మొన్న మా కరియప్ప తన కూతురికి ఆ కథ చెబుతున్నాడు. మీ జేజి సాకిన కుక్క, ఎంత నీతి గల కుక్కో అంటున్నాడు. ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి, నిజమా జేజీ అని అడిగింది. నిజమే అన్నాను. నోరు అంత అలవాటు పడిపోయింది. ఆ పిల్ల పోయాక ఈ కాగితాలు తీశాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు, అడగవలసిన ఇద్దరూ లేరు. పుణ్యానికీ పాపానికీ లెక్క సరిపోతుందని కూడా నేను అనుకోవడం లేదు. చేసిన సేవ సేవే, చేసిన పని పనే. రెండూ నేనే. కరియ ఏ నీతీ చూపలేదు. అది ముసలిది, కదల్లేనిది, నీళ్ళు తగిలేసరికి భయపడి, తెలిసినవాళ్ళను పిలిచింది. నేను విన్నాను. ఎవరూ పిలవలేదని చెప్పాను.

ఇప్పుడు ఈ సంగతి నాకు కాక ఇంకొకరికి తెలుసు.